ఇంట్లో చేసుకున్న గాలి ట్యాంకులు: కంటికి, చెవికి, చేతికి ప్రమాదం

సైకిలు టైరులో గాలి కొట్టుకోవడం గురించి ఆసుపత్రి పత్రికలో వ్రాయవలసిన అవసరం ఏమి వచ్చిందని మీలో కొందరు అనుకోవచ్చు. మామూలు సైకిలు, మామూలు చేతి పంపు అయితే నిజంగానే అవసరం లేదు. మా వయసు వారమంతా ఆ పంపుతోనే గాలి కొట్టుకొని బడికి, నర్సింగు స్కూలుకు వెళ్ళినవారమే. చేతులు నొప్పి పుట్టడం తప్ప దానివల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

ఇప్పుడు మేము చెప్పబోయేది వేరే సంగతి. విజయవాడలోను, చుట్టుపక్కల ఊళ్ళలోను గేర్ల సైకిళ్ళు బాగా పెరిగాయి. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద, కరకట్ట వెంట హెల్మెట్టు పెట్టుకొని తొక్కుతూ వెళ్ళేవారిని చూస్తూనే ఉన్నాము. ఇది చాలా మంచి అలవాటు. షుగరు, బి.పి. ఉన్నవారికి డాక్టరుగారిని అడిగి సైకిలు తొక్కమని మేమే చెబుతుంటాము. అయితే ఖరీదైన ఈ సైకిళ్ళలో కొన్నింటి టైర్లకు లోపల ట్యూబు ఉండదు. కారుకు, స్కూటరుకు ఉన్నట్టే ట్యూబ్‌లెస్ టైర్లు. వాటిని రిమ్ములో కూర్చోబెట్టడం కోసం కుర్రవాళ్ళు ఫోనులో వీడియో చూసి కూల్ డ్రింక్ సీసాతోను, ఖాళీ అయిన మంటలార్పే సిలిండరుతోను, పాత గ్యాస్ బండతోను, ప్లాస్టిక్ పైపుతోను ఇంట్లోనే గాలి ట్యాంకు తయారు చేసుకుంటున్నారు. భయపడవలసింది ఆ ట్యాంకు గురించే.

అసలు ఆ ట్యాంకు ఎందుకు కావలసి వచ్చింది?

గాలి టైరు మొదలైంది ఒక పిల్లవాడి సైకిలు కోసమే. ఐర్లండులోని బెల్‌ఫాస్టులో ఉండే జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు 1888లో తన కుమారుడి మూడు చక్రాల బండి కుదుపు తగ్గాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. అప్పటినుండి వంద సంవత్సరాలకు పైగా సైకిలు అంటే ట్యూబు ఉండవలసిందే. ట్యూబు లేని సైకిలు టైరు 1999లో ఒక పద్ధతిగా బజారులోకి వచ్చింది.

ట్యూబు ఉన్నప్పుడు గాలిని పట్టి ఉంచేది ట్యూబే. టైరు రిమ్ముకు పూర్తిగా ఆనకపోయినా పంపు కొట్టే కొద్దీ ట్యూబు ఉబ్బి దానిని తోసి కూర్చోబెడుతుంది. ట్యూబు లేనప్పుడు టైరు అంచుకు, రిమ్ముకు మధ్య సందు ఉంటుంది. మనం కొట్టిన గాలి ఆ సందులోనుండి వెళ్ళిపోతూ ఉంటుంది. బయటకు పోయే గాలికంటే లోపలికి వచ్చే గాలి ఎక్కువగా, ఒకే ఊపులో వస్తేనే టైరు అంచు టప్‌మని రిమ్ము గాడిలో కూర్చుంటుంది. చేతి పంపుకు అంత వేగం ఉండదు. అందుకని గాలిని ముందుగా ఒక పాత్రలో ఒత్తిడితో దాచి, ఒక్కసారిగా వదలాలి. ఆలోచన తప్పు కాదు, కంపెనీలు అమ్మే పంపుల్లో కూడా ఇదే పద్ధతి ఉంది. తేడా అంతా దాచిపెట్టే పాత్రలోనే ఉంది. కంపెనీవారు ఆ పాత్రను ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో పరీక్షించి, దానికంటే చాలా తక్కువ దగ్గర హద్దు పెడతారు. ఇంట్లో చేసినదానికి హద్దు ఎక్కడో చేసినవారికి కూడా తెలియదు. తెలిసేది అది పేలినప్పుడే.

గాలే కదా అనుకోవద్దు

గాలి కంటికి కనిపించదు, బరువు అనిపించదు. కాబట్టి దాని బలం మనకు నమ్మబుద్ధి కాదు. కొంచెం లెక్క చూద్దాము.

2 లీటర్ల కూల్ డ్రింక్ సీసాలో 100 పౌండ్ల ఒత్తిడికి గాలి నింపితే, దాదాపు 16 లీటర్ల గాలిని ఆ చిన్న సీసాలోకి కుక్కినట్టు. అప్పుడు ఆ సీసా చిన్న మూత మీదనే సుమారు 25 కిలోల తోపుడు పడుతుంది. సీసా ఒక్కసారిగా పగిలితే బయటపడే శక్తి 60 కిలోల మనిషిని సుమారు 3 మీటర్ల ఎత్తుకు, అంటే ఇంటి శ్లాబు దాకా ఎత్తడానికి సరిపోతుంది. ఇంట్లో వాడే గ్యాస్ బండలో సుమారు 33 లీటర్ల చోటు ఉంటుంది. దానిలో అదే 100 పౌండ్ల గాలి నింపితే ఆ శక్తి ఒక టన్ను బరువును అంతే ఎత్తుకు లేపుతుంది. మీటరు మీది అంకె రెండింటికీ ఒకటే. పాత్ర పెద్దదయిన కొద్దీ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. "మా మీటరు వందే చూపిస్తోంది, లారీ టైరులో కూడా అంతే కదా" అనేవారు ఈ సంగతి గమనించడం లేదు. పైగా లారీ టైరు లోపల తీగలు అల్లి ఆ ఒత్తిడి కోసమే తయారు చేసినది.

నీటికి ఈ గుణం లేదు. నీరు ఒత్తిడికి కుంచించుకుపోదు కాబట్టి నీరు నింపిన పాత్ర చిట్లితే కారిపోతుందే తప్ప పేలదు. అందుకే సిలిండర్లను పరీక్షించేవారు వాటిలో నీరు నింపి పరీక్షిస్తారు. మీ ఇంటి గ్యాస్ బండ మెడ దగ్గర పట్టీ మీద ఏ, బి, సి, డి అక్షరాలలో ఒకటి, పక్కన సంవత్సరం అంకె కనిపిస్తాయి. ఏ అంటే ఆ సంవత్సరం మార్చి లోపల, బి అంటే జూన్ లోపల, సి అంటే సెప్టెంబరు లోపల, డి అంటే డిసెంబరు లోపల ఆ బండను మళ్ళీ పరీక్షకు పంపాలని అర్థం. గడువు దాటిన బండను ఏజన్సీవారు ఇస్తే మీరు తీసుకోనవసరం లేదు. ఇంత జాగ్రత్త పడే వస్తువునే తుక్కు కొట్టునుండి కొని, చిల్లు పెట్టి, వెల్డింగు చేయించి, ఏ పరీక్షా లేకుండా పెరట్లో గాలి నింపుతున్నారు.

ఒక్కొక్క పాత్ర సంగతి

కూల్ డ్రింక్ సీసా చాలా గట్టిదని పిల్లలు వాదిస్తారు. కొంతవరకు నిజమే. కొత్త సీసా 100 పౌండ్లకు పైగా కూడా తట్టుకోవచ్చు, ఎందుకంటే దానిని గ్యాసు నింపిన పానీయం కోసమే చేశారు. కాని అది కొత్త సీసా సంగతి, ఒకసారి వాడి పారెయ్యడానికి చేసిన సీసా సంగతి. నేల మీద రాసుకొని గీత పడినా, చేతిలో నొక్కుకుపోయి మడత పడినా, చాలాసార్లు నింపి వదిలినా దాని బలం తగ్గుతుంది. ఎంత తగ్గిందో పైకి కనిపించదు. మూతకు చిల్లు పెట్టి వాల్వు బిగించి జిగురు పోస్తారు కాబట్టి చాలాసార్లు ముందు ఎగిరేది ఆ మూతే. పంపు కొట్టే మనిషి వంగి, మీటరు వంక చూస్తూ ఉంటాడు. అంటే ముఖం సరిగ్గా దాని ఎదురుగానే ఉంటుంది.

కొన్ని సంవత్సరాల క్రితం డిగ్రీ చదివే అబ్బాయిని ఒకరిని ఇలాగే మా క్యాజువాలిటీకి తీసుకొని వచ్చారు. సీసా మూత ఊడి ఎగిరి కుడి కంటికి తగిలింది. రెప్ప మీద గాయం చిన్నదే, రక్తం కూడా పెద్దగా లేదు. కాని కంటి నల్లగుడ్డు ముందు భాగంలో అడుగున రక్తం చేరి ఉంది. దెబ్బకు కన్ను లోపల రక్తస్రావం అయినప్పుడు ఇలా జరుగుతుంది. డాక్టరుగారు కంటి మీద గట్టి కప్పు పెట్టించి, తల ఎత్తుగా ఉంచి పడుకోబెట్టి, వెంటనే కంటి ఆసుపత్రికి పంపించారు. చూపు చాలావరకు మిగిలింది. అయినా ఇలాంటి దెబ్బ తగిలిన కంటిలో సంవత్సరాల తరువాత కూడా నీటికాసులు రావచ్చు కాబట్టి ఆ అబ్బాయి జీవితమంతా కంటి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఆ రోజు అతని తల్లి మాతో అన్న మాట ఒక్కటే: "గాలే కదమ్మా అనుకున్నాము." ఆమెను తప్పుపట్టలేము, అందరూ అలాగే అనుకుంటారు.

ప్లాస్టిక్ పైపు, అంటే బోరింగులకు, కుళాయిలకు వాడే పి.వి.సి. పైపు, మా ఉద్దేశంలో వీటన్నిటిలోకి చెడ్డది. అది నీటి కోసం చేసినది. నీటి ఒత్తిడికి పనికి వచ్చే అంకె పైపు మీద అచ్చు వేసి ఉంటుంది, దానిని చూసి గాలికి కూడా చాలునని పొరబడతారు. గాలికి పగిలినప్పుడు అది సాగదు, చీలదు, గాజు పగిలినట్టు పదునైన ముక్కలై చుట్టూ ఎగురుతుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 1988లోనే గాలి లైన్లకు నేలపైన ఈ పైపు వాడవద్దని హెచ్చరిక ఇచ్చింది. పైగా ఒంట్లో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్క ఎక్స్-రేలో ఇనుప ముక్కలాగా తేటగా కనిపించదు. వెదకడం డాక్టర్లకు కష్టమవుతుంది.

మంటలార్పే సిలిండరు మిగతావాటికంటే కొంత నయం, అది ఒత్తిడి కోసమే చేసిన పాత్ర. అయితే తలభాగం విప్పి వేరే వాల్వు బిగించేటప్పుడు మరలు సరిగ్గా పట్టకపోతే ఆ తల తూటాలాగా లేస్తుంది. 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సిలిండరులో 100 పౌండ్ల గాలి ఉంటే దాని అడుగు మీద 1200 కిలోలకు పైగా తోపుడు ఉంటుంది. దానికి వెల్డింగు అసలే చేయించకూడదు. తుక్కులో దొరికేది గడువు దాటి తీసేసినదేనని కూడా మరువవద్దు.

గ్యాస్ బండ గురించి పైన చెప్పాము. అది గ్యాస్ కంపెనీ సొత్తు. చిల్లు పెట్టే సమయంలో లోపల మిగిలిన గ్యాసు అంటుకొని అక్కడే పేలిన సందర్భాలు కూడా ఉంటాయి.

పాత ఫ్రిజ్ కంప్రెసరు పెట్టి గాలి నింపేవారు కూడా ఉన్నారు. నిండిన తరువాత దానంతట అది ఆగే ఏర్పాటు దానికి ఉండదు. మనిషి ఫోను మాట్లాడుతూ మరచిపోతే అది నింపుతూనే ఉంటుంది. తడి నేల మీద విప్పి ఉన్న వైర్లతో కరెంటు షాకు ప్రమాదం ఎలాగూ ఉంది.

వెల్డింగు షాపులో ఆక్సిజన్ సిలిండరునుండి టైరు నింపించుకోవడం మరొక అలవాటు. ఇది ఎప్పుడూ చేయవద్దు. నిండు ఆక్సిజన్ సిలిండరులో ఒత్తిడి 2000 పౌండ్ల దాకా ఉంటుంది, అది ఒక ప్రమాదం. అంతకంటే పెద్దది, ఆక్సిజనుకు నూనె, గ్రీజు తగిలితే నిప్పు పుట్టవచ్చు. మా వార్డులలో ఆక్సిజన్ వాల్వును నూనె చేతితో ముట్టుకోవద్దని కొత్తగా వచ్చిన నర్సింగు విద్యార్థినులకు మొదటి వారంలోనే చెబుతాము.

మన ఎండ, మన ఉక్క

కృష్ణా డెల్టాలో ఈ ట్యాంకులకు రెండు ప్రత్యేకమైన శత్రువులు ఉన్నాయి. బెజవాడకు బ్లేజ్‌వాడ అని పేరు ఊరకే రాలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు మనం చూస్తున్నాము. ఉదయం 27 డిగ్రీలప్పుడు 100 పౌండ్లు నింపిన సీసా ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి 112 పౌండ్లు అవుతుంది. పెరిగింది 12 పౌండ్లే అనిపిస్తుంది. కాని ఆ సీసా ప్లాస్టిక్ 70 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఒకవైపు ఒత్తిడి పెరుగుతూ ఉంటే, మరొకవైపు గోడ బలం తగ్గుతూ ఉంటుందన్నమాట. నింపిన సీసాను డాబా మీద, కారు వెనుక అద్దం దగ్గర వదిలిపెడితే జరిగేది ఇదే.

రెండవది గాలిలోని తేమ. మచిలీపట్నం వైపు నుండి వచ్చే ఉక్క గాలిని ఎనిమిదింట ఒక వంతుకు కుక్కినప్పుడు దానిలోని నీరు చాలావరకు విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. రోజూ అడుగు కుళాయి తిప్పి ఆ నీరు వదిలెయ్యాలి. వదలకపోతే లోపలినుండి తుప్పు పట్టి రేకు పలచబడుతుంది. పైన రంగు వేసి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇది ఇంట్లో చేసిన ట్యాంకుకే కాదు, రోడ్డు పక్క పంక్చరు షాపు కంప్రెసరుకు కూడా వర్తిస్తుంది.

షాపులలో పనిచేసే పిల్లల గురించి

మన సంఘ కుటుంబాలలో చాలామంది ఆటోనగర్‌లో, హైవే పక్క టైరు షాపులలో పని చేస్తున్నారు. వారి కోసం కొన్ని మాటలు. ట్యాంకు మీద ఒత్తిడి మీరినప్పుడు దానంతట అది గాలి వదిలే వాల్వు ఒకటి ఉంటుంది. అది బుసబుసమంటూ కారుతోందని బోల్టు బిగించి మూసెయ్యడం, ఎం-సీల్ పూసెయ్యడం కొన్నిచోట్ల చూస్తున్నాము. ఆ వాల్వు కారుతోందంటే అది పాడయిందని గాని, ట్యాంకులో గాలి మితిమీరిందని గాని అర్థం. రెంటిలో ఏదైనా పని ఆపవలసినదే. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షనులోనే ఒత్తిడితో నడిచే యంత్రానికి సురక్షితమైన హద్దు దాటకుండా ఏర్పాటు ఉండాలని వ్రాశారు. రోడ్డు పక్క షాపును చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు కాబట్టి ఆ వాల్వే అక్కడ ఇన్‌స్పెక్టరు.

పెద్ద బండ్ల టైర్లు ఇంకా ప్రమాదం. 2022 మేలో రాయ్‌పూర్ దగ్గర సిల్తరాలో ఒక పెద్ద యంత్రం టైరుకు గాలి పడుతుండగా అది పేలి ఇద్దరు పనివారు చనిపోయారు. ఆ దృశ్యం కెమెరాలో పడి దేశమంతా చూసింది. అమెరికాలో 1980 నుండి లారీ చక్రాలను ఇనుప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో, పక్కకు నిలబడి గాలి పట్టాలని నియమం ఉంది. బోను చేయించడం యజమానికి పెద్ద ఖర్చు కాదు. కనీసం చక్రం మీద కూర్చొని, దాని మీదికి వంగి గాలి పట్టవద్దని మీ అబ్బాయికి చెప్పండి.

ఇంకొక సంగతి చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పక తప్పదు. పని స్థలాలలో గాలి గొట్టంతో సరదాలు చేస్తుంటారు. ఒకరి వెనుక భాగానికి గొట్టం పెట్టి గాలి వదలడం వాటిలో ఒకటి. మనిషి పెద్ద ప్రేగు 4 పౌండ్ల ఒత్తిడికే చిరిగిపోగలదు. షాపు గొట్టంలో ఉండేది 100కు పైన. మధ్యలో ప్యాంటు ఉన్నా అడ్డు కాదు. 2024 మార్చిలో బెంగళూరులో బైకు సర్వీసు సెంటరులో స్నేహితుడు ఇలా చేసినందువలన 24 సంవత్సరాల యువకుడు చనిపోయాడు. ఎవరికైనా ఇలా జరిగి కడుపు ఉబ్బి, నొప్పి, ఆయాసం ఉంటే సిగ్గుపడి గంటలు గడపకుండా, ఏమీ తినిపించకుండా, నీరు కూడా త్రాగించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. మేము ఎవరినీ వెక్కిరించము.

బట్టల మీది దుమ్మును గాలి గొట్టంతో కొట్టుకోవడం కూడా మానాలి. చర్మం మీద చిన్న గాయం ఉంటే దానిలోనుండి గాలి లోపలికి పోవచ్చు. అప్పుడు ఆ చోట ఉబ్బి, వేలితో నొక్కితే మరమరాలు నలిగినట్టు చప్పుడు వస్తుంది. గ్రీజు గన్ను, పెయింటు గన్ను వేలిలోకి కొడితే మరీ మోసం: పైకి సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట తక్కువే. లోపల వేలంతా చెడిపోతూ ఉంటుంది. ఆరు గంటలలోపు ఆపరేషను జరిగితే వేలు దక్కే అవకాశం ఎక్కువ. "రేపు చూద్దాము" అనవద్దు.

తిరునాళ్ళలో బెలూన్లు

గుణదల ఉత్సవాలకు, ఊరి తిరునాళ్ళకు పిల్లలను తీసుకొని వెళ్ళేవారు బెలూన్లు అమ్మేవాని సిలిండరును ఒకసారి చూడండి. కొందరు పాత సిలిండరులో రసాయనాలు కలిపి అక్కడికక్కడే హైడ్రోజన్ గ్యాసు తయారు చేస్తారు. ఆ రసాయనాలు కలిసినప్పుడు సిలిండరు వేడెక్కుతుంది, లోపల ఒత్తిడి ఎంత పెరుగుతోందో చూపే మీటరు ఉండదు. 2022 అక్టోబరు 2వ తేదీన తమిళనాడులోని తిరుచిరాపల్లి బజారులో బెలూన్ల సిలిండరు పేలి ఒకరు మరణించారు, చాలామంది గాయపడ్డారు. బెలూను కొనండి, పేదవాని బ్రతుకు తెరువు అది. కాని సిలిండరు చుట్టూ పిల్లలను గుమికూడనివ్వకండి, కొంచెం దూరంగా నిలబడి తెప్పించుకోండి.

మరి ట్యూబ్‌లెస్ టైరు ఎలా కూర్చోబెట్టాలి?

మంచి సైకిలు షాపుకు తీసుకొని వెళ్ళడం అన్నిటికంటే సులువు. ఇంట్లోనే చేసుకోవాలంటే ట్యాంకు అవసరం లేని చిట్కాలు ఉన్నాయి. టైరు అంచుకు, రిమ్ముకు సబ్బు నీరు రాస్తే అంచు తేలికగా జారి కూర్చుంటుంది. వాల్వు లోపలి పిన్ను విప్పి తీస్తే గాలి ఎక్కువ వేగంగా లోపలికి పోతుంది. కొత్త టైరు మడతలు పడి ఉంటే ముందు దానిలో మామూలు ట్యూబు వేసి, గాలి పట్టి ఒక రాత్రి ఉంచాలి. మరునాడు ఒక వైపు అంచు కదలకుండా ట్యూబు తీసేస్తే రెండవ వైపు ఒక్కటే కూర్చోబెట్టవలసి ఉంటుంది, చాలాసార్లు నిలువు పంపే చాలుతుంది. ట్యాంకే కావాలంటే, మీటరు, ఎక్కువైన గాలి వదిలే వాల్వు ఉన్న కంపెనీ పంపును నలుగురు స్నేహితులు కలిసి కొనుక్కోండి.

ఎలా చేసినా టైరు పక్కన వ్రాసి ఉన్న అంకెను, రిమ్ము మీది అంకెను చూసి, రెండింటిలో తక్కువైనది దాటవద్దు. అంచు కొక్కెం లేని రకం రిమ్ములకు 72.5 పౌండ్లే హద్దు. షాపు కంప్రెసరుతో పడితే చిన్న టైరు రెండు మూడు సెకన్లలోనే హద్దు దాటిపోతుంది, కొంచెం కొంచెంగా పట్టించండి. కంటికి ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోండి. ముఖం చక్రానికి దూరంగా ఉంచండి. చిన్నపిల్లలను ఆ దరిదాపులకు రానివ్వవద్దు, వారి కళ్ళు సరిగ్గా చక్రం ఎత్తులో ఉంటాయి.

ప్రమాదం జరిగితే

కంటికి ఏదైనా బలంగా తగిలితే కన్ను నలపవద్దు, నొక్కవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు. ఏదైనా గుచ్చుకొని ఉంటే లాగవద్దు, నీటితో కడగవద్దు. కాగితం కప్పు అడుగు భాగం కన్ను మీద బోర్లించి, అది కంటికి ఆనకుండా అంచులకు ప్లాస్టరు అంటించి తీసుకొని రండి. చనుబాలు, ఆముదం, ఆకు పసరు వెయ్యకండి. తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోటికి నేరుగా వెళ్ళినా మంచిదే. గాయం లేకుండా టైరులో పోసే తెల్లటి సీలెంటు ద్రవం మాత్రమే కంటిలో పడితే అప్పుడు కడగాలి, ధారగా మంచినీటితో 15 నిమిషాలు. ఈ రెండింటి తేడా దయచేసి గుర్తుంచుకోండి.

పేలుడు చప్పుడుకు చెవిలో గుయ్‌మనడం, వినికిడి తగ్గడం, రక్తం చుక్క కనిపించడం ఉంటే కర్ణభేరికి చిల్లు పడి ఉండవచ్చు. చిన్న చిల్లులు చాలావరకు కొన్ని వారాలలో వాటంతట అవే మానతాయి, తడి తగలకుండా చూసుకుంటే చాలు. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తే మానేది కాస్తా చీము పడుతుంది.

చెయ్యి తెగి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి, సున్నం పెడితే వాటిని కడగడానికే మాకు అరగంట పడుతుంది, రోగికి ఆ బాధ అదనం. వేలు తెగిపడితే దానిని తడి శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, ఆ కవరును ఐసు మీద పెట్టి తీసుకొని రండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. ఛాతీకి దెబ్బ తగిలి ఆయాసం వస్తే, మనిషి మాట తడబడుతుంటే 108కు ఫోను చెయ్యండి, ఆటోలో కుదుపుకుంటూ తేవద్దు. గాయం చిన్నదయినా టి.టి. ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నారో ఇంట్లో అడిగి తెలుసుకొని రండి.

పేలిన వస్తువు ముక్క ఏదైనా దొరికితే అది కూడా ఒక కవరులో వేసి మాకు ఇవ్వండి. అది ఇనుమో, ప్లాస్టికో, గాజో తెలిస్తే ఏ పరీక్ష చేయాలో డాక్టర్లు వెంటనే నిర్ణయించగలరు. కంటిలో ఇనుప ముక్క ఉన్నవారికి ఎం.ఆర్.ఐ. తీయకూడదు.